తరాల బుగులుకు సర్కారు సేవ: 14416 ఫోన్, జిల్లా దవాఖాన మానసిక విభాగం ఎంతవరకు పనికొస్తాయి?

తాత చూసిన ఘోరం తండ్రిలో కోపంగా, మనవడిలో రాత్రిపూట ఉలికిపాటుగా మిగిలిపోయిన ఇళ్లు నల్లగొండ, పాలమూరు దిక్కున తక్కువేం లేవు. అలాంటి ఇంటివాళ్లకు పైసా ఖర్చు లేని దారి ఒకటుంది. ముందు సర్కారు మానసిక సహాయ ఫోన్ సేవ టెలిమానస్ నంబర్ 14416కు ఫోన్, అక్కణ్నుంచి జిల్లా దవాఖానలో మానసిక వైద్య విభాగం. ఈ రెంటినీ ఒకే సేవగా చూసి, తరాలు దాటి వచ్చే గాయానికి ఎంత పనికొస్తాయో ఇక్కడ రాస్తున్నాం. తీర్పు ముందే చెప్తాం. మొదటి అడుగుకు ఇంతకన్నా మంచిది మన దగ్గర లేదు, వాడుకోండి. నెలల తరబడి ఒకే మనిషి ముందు కూర్చుని చేయించుకునే చికిత్స మాత్రం అడిగితేనే, వెంటపడితేనే దొరుకుతుంది. ఇక ఇంట్లో జరగాల్సిన పని చాలా ఉంది. అది ఏ ఫోనూ చేసిపెట్టదు, ఎలా చేయాలో చెప్పగలదు.

ఇక్కడి గాయాలు ఏమిటో ముందు చూడాలి, ఎందుకంటే డాక్టర్ ముందు కూర్చున్నప్పుడు చాలామంది వాటిని చెప్పనే చెప్పరు. నల్లగొండలో వెట్టి, రజాకార్ల దాడులు, 1946 నుంచి 1951 దాకా సాగిన సాయుధ పోరాటం, ఆ తర్వాత క్యాంపుల్లో పడ్డ దెబ్బలు. అలంపూర్, కొల్లాపూర్ దిక్కున 1980ల మొదట్లో శ్రీశైలం నీళ్లలో మునిగిన ఊళ్లు. పాలమూరులో కరువు, మేస్త్రి దగ్గర ముందుగా తెచ్చుకున్న పైసలు, బొంబాయి వలస. మర్రిగూడ, మునుగోడు దిక్కున ఫ్లోరైడ్ నీళ్లతో వంగిపోయిన ఎముకలు. వీటికి తోడు అప్పులు, పురుగుల మందు తాగి పోయిన రైతులు, వాళ్ల వెనక మిగిలిన భార్యాపిల్లలు. వీటిని 'మా బతుకే అంత' అని తీసేస్తారు తప్ప, పిల్లగాడి నిద్రకూ వీటికీ సంబంధం ఉందని ఎవరూ అనుకోరు.

సంబంధం ఎలా పుడుతుందో ఒకటి దగ్గరగా చూద్దాం. రెండేళ్ల పిల్లను అవ్వ దగ్గర వదిలి తల్లిదండ్రులు పనికి పోతారు. పిల్ల ఏడుస్తుందని రాత్రి నిద్రపోయాక బయల్దేరుతారు. తెల్లారి లేచిన పిల్లకు అమ్మ లేదు, ఎందుకు లేదో చెప్పేవాళ్లూ లేరు. ఆరు నెలలకో ఏడాదికో తల్లి తిరిగొస్తే పిల్ల దగ్గరికి రాదు, అవ్వ కొంగు పట్టుకుని ముఖం తిప్పుకుంటుంది. తల్లికి కడుపు మండుతుంది. 'నా బిడ్డకు నేనే పరాయినైన' అని ఏడుస్తుంది, లేదా విసుక్కుని ఒకటి కొడుతుంది. మళ్లీ పోయే రోజొస్తుంది. ఆ పిల్లకు ఒకటి గట్టిగా నాటుకుంటుంది: ఎవరినీ గట్టిగా పట్టుకోవద్దు, నిద్రపోతే మనుషులు మాయమైతరు. ఇరవై ఏళ్లకు తనకు బిడ్డ పుట్టినప్పుడు, బిడ్డ ఏడిస్తే ఒళ్లోకి తీసుకోవాలో దూరంగా పెట్టాలో ఆమె చేతులకు తెలియదు. ఇక్కడ ఎవరి తప్పూ లేదు, కానీ గాయం మాత్రం ఒక తరం దాటింది.

'జన్యువుల్లోనే రాసుంది, ఏం చేయలేం' అనే మాట ఈ మధ్య వీడియోల్లో బాగా తిరుగుతోంది. అంత దూరం పోవాల్సిన పని లేదు. మర్రిగూడలో ఒకే ఇంట్లో ముసలాయనకూ చిన్నపిల్లవాడికీ కాళ్లు వంగితే చూసేవాళ్లకు వంశంలోనే ఏదో ఉందనిపిస్తుంది. నిజానికి ఇద్దరూ తాగింది ఒకే బోరు నీళ్లు, నీళ్లు మారిస్తే తర్వాత పుట్టినవాళ్ల ఎముకలు నిలబడతాయి. ఇంటి గాయం కూడా ఎక్కువ పాళ్లు అలాంటిదే. కెనడాలోని మెక్‌గిల్ యూనివర్సిటీలో మైకేల్ మీనీ బృందం ఎలుకల మీద చేసిన పని దీన్ని బాగా చూపించింది. పిల్లల్ని తక్కువగా నాకి సాకే తల్లి ఎలుకల పిల్లలు పెద్దయ్యాక బెదురుగా ఉంటాయి. ఆ పిల్లల్నే పుట్టగానే బాగా నాకి సాకే తల్లుల దగ్గర వేస్తే, పెంచిన తల్లి పిల్లల్లాగే ధైర్యంగా పెరిగాయి. నాజీల మారణకాండ నుంచి బతికి బయటపడ్డవాళ్లు 32 మందినీ, వాళ్ల పిల్లలు 22 మందినీ పరీక్షించి రేచల్ యెహూదా బృందం 2015లో ఒక జన్యువు మీద రసాయన గుర్తులు చూపించింది. విలువైన పనే, కానీ చాలా చిన్న సంఖ్య. దాన్ని పట్టుకుని మీ నాయిన భయం మీ రక్తంలో ఉందని చెప్పడం అన్యాయం. అమెరికాలో ఫెలిటీ, ఆండా అనే డాక్టర్లు 17 వేల మందికి పైగా పెద్దవాళ్లను అడిగి చేసిన అధ్యయనం 1998లో వెలువడటం మొదలైంది. దెబ్బలు, తాగుడు, తల్లి మీద హింస, ఇంట్లో మనిషి జైలుకు పోవడం లాంటివి చిన్నప్పుడు ఎన్ని ఎక్కువ చూస్తే, పెద్దయ్యాక తాగుడు, కుంగుబాటు, ఆత్మహత్యా ప్రయత్నం, గుండె జబ్బు దాకా అంత ఎక్కువని తేలింది. మనకు పనికొచ్చేది ఇదే: రోజూ ఇంట్లో జరిగేదాన్ని మార్చగలిగితే పిల్లలకు చేరేది మారుతుంది.

ఇప్పుడు ఫోన్ సంగతి. టెలిమానస్ 2022 అక్టోబర్ 10న మొదలైంది. నంబర్ 14416, అది కలవకపోతే 1800-891-4416. పగలూ రాత్రీ పనిచేస్తుంది, చార్జీ లేదు. ముందు భాష ఎంచుకోమంటుంది, తెలుగు నొక్కితే తెలుగులోనే మాట్లాడతారు. మొదట ఎత్తేది శిక్షణ పొందిన కౌన్సెలర్. అవసరమైతే పైన ఉన్న మానసిక నిపుణులకు, అక్కడా సరిపోకపోతే జిల్లా మానసిక ఆరోగ్య కార్యక్రమం కింద పనిచేసే దవాఖానకు పంపిస్తారు. జబ్బుపడ్డ మనిషే చేయాలని లేదు. 'మా నాయిన మాట్లాడడు, నేనేం చేయాలె' అని బిడ్డ చేసినా వింటారు. మనిషి దవాఖానకు రానని మొండికేసే ఇళ్లు ఎక్కువ కాబట్టి ఈ ఒక్క సౌకర్యం కోసమైనా ఈ నంబర్ గోడ మీద రాసి పెట్టుకోవచ్చు.

ఫోన్ చేసే ముందు రెండు నిమిషాలు ఆలోచించుకుంటే కాల్ సగం బాగుపడుతుంది. ట్రామా, డిప్రెషన్ లాంటి పేర్లు మీరు పెట్టనక్కర్లేదు. ఒంట్లో, ఇంట్లో జరిగేది చెప్పండి. 'తలుపు చప్పుడైతే గుండె దడదడ కొట్టుకుంటది', 'పొద్దుమూకితే బుగులైతది', 'పిల్లగాడు పదేళ్లొచ్చినా పక్క తడుపుతుండు', 'మా ఆయనకు కోపమొస్తే కండ్లు కనపడవు, తర్వాత ఏం జరిగిందో యాదికుండదు'. ఎన్నాళ్ల నుంచి, వారంలో ఎన్నిసార్లు, దేని తర్వాత మొదలైంది, ఈ మూడూ చెప్పండి. చచ్చిపోవాలన్న ఆలోచన ఉంటే అదే మొదట చెప్పాలి, చివర్లో కాదు. పురుగుల మందు ఇంట్లో ఉంటే అదీ చెప్పండి. దాన్ని ఆ రాత్రికే పక్కింటివాళ్ల దగ్గర తాళంలో పెట్టించడం అన్ని సలహాల కంటే ముందు చేయాల్సిన పని. ఇంట్లో ఒకే ఫోన్ ఉండి, కాల్ చేసినట్టు తెలిస్తే గొడవయ్యేట్టుంటే మాట్లాడాక నంబర్ చెరిపేసుకోండి, తిరిగి చేయాల్సిన వేళ కూడా మీరే చెప్పండి.

ఈ సేవ బాగా చేసేది రాత్రి పన్నెండింటికి గాబరాతో కూర్చున్న మనిషిని నేల మీదికి తేవడం, ఎటు పోవాలో చెప్పడం. ఫోన్ స్వభావం వల్లే చేయలేనిది కూడా ఉంది. ఈసారి ఎత్తినవాళ్లే మళ్లీ ఎత్తుతారని లేదు కాబట్టి ప్రతిసారి కథ మొదట్నుంచి చెప్పాల్సి రావచ్చు. నమ్మకం కుదరకుండా పాత ఘోరాలన్నీ ఒక్క సిట్టింగ్‌లో బయటపెడితే మనిషి తేలికపడతాడని చాలామంది అనుకుంటారు. అది పొరపాటు. ఒక్కసారి కూర్చోబెట్టి జరిగిందంతా చెప్పించే పద్ధతిని ప్రపంచ ఆరోగ్య సంస్థ కూడా వద్దంటుంది. చెప్పినవాళ్లు ఆ రాత్రంతా అదే కళ్లముందు ఆడుతూ నిద్రపోలేరు, మర్నాడు మళ్లీ ఫోన్ చేయరు. కాబట్టి ఫోన్‌లో లోతుకు పోకండి. 'దాని గురించి డాక్టర్ దగ్గర చెప్తా, ఇప్పుడు నిద్ర పట్టే దారి చెప్పండి' అంటే చాలు. కాల్ పెట్టేసే ముందు మాత్రం మూడు సంగతులు రాసుకోవాలి: మా జిల్లాలో ఏ దవాఖాన, మానసిక డాక్టర్ ఓపీ ఏ రోజుల్లో, క్లినికల్ సైకాలజిస్ట్ (మాటలతో చికిత్స చేసే నిపుణులు) ఉన్నారా లేరా.

దవాఖానకు వద్దాం. మహబూబ్‌నగర్ ప్రభుత్వ మెడికల్ కాలేజీ 2016లో, నల్లగొండ, సూర్యాపేట కాలేజీలు 2019లో, నాగర్‌కర్నూల్, వనపర్తి 2022లో మొదలయ్యాయి. అంతకుముందు మానసిక వైద్యమంటే హైదరాబాద్ ఎర్రగడ్డే అనుకునేవారు. ఎర్రగడ్డ పేరు చెప్తేనే పెళ్లి సంబంధాలు ఆగిపోతాయని భయపడేవాళ్లు ఇప్పుడు మామూలు ఓపీ చీటీ తీసుకుని, జ్వరానికి వచ్చినవాళ్ల పక్కనే కూర్చోవచ్చు. ఇది చిన్న లాభం కాదు. జిల్లా మానసిక ఆరోగ్య కార్యక్రమం నిబంధనల ప్రకారం బృందంలో సైకియాట్రిస్ట్, క్లినికల్ సైకాలజిస్ట్, సోషల్ వర్కర్, నర్సు ఉండాలి, 10 పడకల వార్డు ఉండాలి. ఏ పోస్టులో మనిషి ఉన్నదీ వెళ్లేముందే అడగడం మంచిది. అమ్రాబాద్ నుంచో దేవరకొండ నుంచో వచ్చేవాళ్లకు ఒక రోజు కూలి, ఇద్దరి బస్సు చార్జీలు పోతాయి. వచ్చాక 'సైకాలజిస్ట్ బుధవారం ఉంటరు' అంటే రెండోసారి రారు.

ఓపీలో డాక్టర్‌కు మీతో గడిపే టైం తక్కువ. ఆ కొద్ది నిమిషాల్లో తాతల కథ పట్టదు. కాబట్టి ఒక పేజీ కాగితం తీసుకుపోండి. ఇది ఈ మొత్తం పనిలో అతి ఉపయోగపడే కాగితం, ఎలా గీయాలో వివరంగా చెప్తాం.

ఒక తెల్ల కాగితం అడ్డంగా పెట్టి మూడు వరుసలు అనుకోండి. పైన తాతలు అవ్వలు, మధ్యలో తల్లిదండ్రులు వాళ్ల తోబుట్టువులు, కింద పిల్లలు. మగవాళ్లకు చదరం, ఆడవాళ్లకు గుండ్రం. చనిపోయినవాళ్ల మీద ఇంటూ గుర్తు, పక్కన ఏ ఏడు, ఎలా పోయారు. భార్యాభర్తల మధ్య గీత, దాని నుంచి కిందికి పిల్లల గీతలు. ఎవరి కోసం దవాఖానకు పోతున్నారో వాళ్ల గుర్తు చుట్టూ రెండో గీత. ఇద్దరి మధ్య ఎప్పుడూ కొట్లాట ఉంటే వంకర గీత, మాటల్లేకపోతే తెగిన గీత. ఇంతవరకు ఎక్కడైనా దొరికే పద్ధతే. మన దిక్కున దీనికి ఇంకో నాలుగు కలపాలి: ఎవరు ఏ ఏడు నుంచి ఏ ఏడు దాకా వలస పోయారు, అప్పుడు పిల్లలు ఎవరి దగ్గర పెరిగారు, ఎవరికి కల్లు లేదా సారా అలవాటు, ఏ సంగతి ఇంట్లో ఎవరూ ఎత్తరు. ఆఖరిది ముఖ్యం. 'చిన్నాయిన గురించి అడగొద్దు' అన్న చోట ప్రశ్న గుర్తు పెట్టండి, జవాబు తెలియకపోయినా పర్వాలేదు. వయసులు కూడా వేస్తే కొన్నిసార్లు ఒక సంగతి బయటపడుతుంది: తండ్రి తొమ్మిదేళ్లప్పుడు వాళ్ల నాయిన పోయాడు, ఇప్పుడు కొడుకుకు తొమ్మిదేళ్లొచ్చాయి, ఆ ఏడే తండ్రికి గుండె దడ మొదలైంది. డాక్టర్ చూడాల్సింది ఇలాంటి జోడింపులనే.

దీనికోసం ముసలివాళ్లను అడిగేటప్పుడు తొందరపడొద్దు. పదిమంది కూర్చున్న చోట, పండుగ భోజనాల దగ్గర అడగకండి. ఒక్కరే ఉండి, నమ్మినవాళ్లతో, పగటిపూట, గంటకు మించకుండా. 'ఏం జరిగింది' అని కాకుండా 'అప్పుడు మీరు ఏ ఊళ్లో ఉండె, పక్కన ఎవరుండె, ఏం తిన్నరు' అని అడిగితే వాళ్లకు వీలున్నంత చెప్తారు. మాట మధ్యలో ఆగి చూపు ఒకచోట నిలబడితే, చేతులు వణికితే, ఊపిరి పైపైన ఆడితే ఆపేయండి. కాళ్లు నేలకు ఆనించమనండి, చల్లటి నీళ్ల గ్లాసు చేతిలో పెట్టండి, ఇది ఏ నెల, ఎదురుగా ఏమేం కనపడుతున్నాయో చెప్పమనండి. ఊపిరి కుదుటపడేదాకా పక్కనే ఉండండి, కథ మళ్లీ ఎత్తొద్దు. అక్కడే ఎక్కువగా తప్పు జరుగుతుంది: వినేవాళ్లకు కుతూహలం పెరిగి 'తర్వాత ఏమైంది' అని లాగుతారు. ఇంకో తప్పు, కాగితాన్ని నిందల జాబితా చేయడం. 'నీ వల్లే నీ కొడుకు ఇట్లయిండు' అని కోడలు అత్తను అంటే ఆ ఇంట్లో ఎవరూ ఇంకెప్పుడూ నోరు తెరవరు. పన్నెండేళ్లలోపు పిల్లల ముందు రక్తపు వివరాలు చెప్పకండి. 'తాతకు చిన్నప్పుడు చాలా భయం పుట్టించిన సంగతి జరిగింది, అందుకే చప్పుడైతే బెదురుతడు, నీ మీద కోపం కాదు' అంటే వాళ్లకు సరిపోతుంది. ఇలా చెప్పడమే పిల్లలకు సగం మందు. పెద్దల ముఖం చూసి తన తప్పే అనుకునే పిల్లకు అసలు కారణం తెలుస్తుంది. అమెరికాలో పిల్లల మానసిక విశ్లేషకురాలు సెల్మా ఫ్రైబర్గ్ 1975లోనే ఒక సంగతి గుర్తించారు. చిన్నప్పుడు దెబ్బలు తిన్న తల్లిదండ్రుల్లో, జరిగింది మాత్రమే కాకుండా అప్పుడు కలిగిన భయాన్నీ దుఃఖాన్నీ గుర్తు చేసుకోగలిగినవాళ్లు తమ పిల్లల మీద అదే మళ్లీ చేయడం తక్కువ.

మందుల గురించి సూటిగా. కుంగుబాటు, భయం తగ్గించే సెర్ట్రలిన్ లాంటి మాత్రలు రాస్తే గుణం కనపడటానికి రెండు నుంచి నాలుగు వారాలు, కొందరికి ఆరు పడుతుంది. మొదటి వారంలో కడుపులో తిప్పడం, తలనొప్పి ఉండొచ్చు. చాలామంది అప్పుడే ఆపేసి 'మందు పడలేదు' అంటారు. బాగైందని ఒక్కసారిగా మానేయడమూ తప్పే, డాక్టర్ చెప్పినట్టు తగ్గించుకుంటూ రావాలి. అల్ప్రాజోలం లాంటి నిద్రమాత్ర మొదటి రాత్రే పనిచేస్తుంది కాబట్టి అందరూ అదే అడుగుతారు. గాయానికి అది మందు కాదు, వారాల తరబడి వాడితే అలవాటవుతుంది.

ఇక్కడ కల్లు సంగతి దాచొద్దు. మన జిల్లాల్లో కొన్నిచోట్ల అల్ప్రాజోలం, డైజిపామ్, క్లోరల్ హైడ్రేట్ లాంటి మత్తు మందులు కలిపిన కల్లు దొరుకుతుందన్నది ఎక్సైజ్ కేసుల్లో చాలాసార్లు బయటపడింది. బొంబాయి నుంచి వచ్చినవాళ్లు, కొడుకును పోగొట్టుకున్న తల్లులు సాయంత్రానికి దాంతోనే నిద్రపోతుంటారు. అది ఒకరకంగా వాళ్లే చేసుకుంటున్న చికిత్స. అలాంటి మనిషికి డాక్టర్ తెలియక మళ్లీ అదే జాతి మాత్ర రాస్తే, రెండూ కలిసి ఊపిరి మందగించే ప్రమాదం ఉంది. 'రేపట్నుంచి బందు' అని ఇంటివాళ్లు ఒక్కసారిగా ఆపించినా ప్రమాదమే. రెండు మూడు రోజుల్లో వణుకు, నిద్ర లేకపోవడం, లేనివి కనపడటం, ఫిట్స్ వస్తాయి, ఊళ్లో దాన్ని గాలి సోకిందనుకుని భూతవైద్యుడి దగ్గరికి తీసుకుపోతారు. కాబట్టి ఓపీలో మొదటే చెప్పండి: రోజుకు ఎన్ని సీసాలు, ఎన్నేళ్ల నుంచి, చివరిసారి ఎప్పుడు. మాన్పించాలంటే వార్డులో పెట్టి మందులతో మెల్లగా మాన్పిస్తారు. ఈ పని జిల్లా దవాఖానలో చేయగలరు, మొహమాటపడకుండా అడగాలి.

మాటలతో చేసే చికిత్సలో ఏమడగాలి? పేర్లు తెలిసి అడిగితే పని అవుతుంది. పిల్లలకైతే ట్రామా ఫోకస్డ్ సీబీటీ (గాయం వల్ల నాటుకున్న ఆలోచనల్నీ భయాన్నీ మెల్లగా మార్చే పద్ధతి), సాధారణంగా 12 నుంచి 16 సిట్టింగులు, తల్లి లేదా తండ్రి కూడా పాల్గొనాలి. పెద్దవాళ్లకు అదే సీబీటీ లేదా ఈఎండీఆర్ (కళ్లు అటూ ఇటూ కదిలిస్తూ పాత జ్ఞాపకాన్ని తలచుకునే పద్ధతి). ఈ రెంటినీ ప్రపంచ ఆరోగ్య సంస్థ 2013లో సిఫారసు చేసింది. ఒకటి తర్వాత ఒకటి చాలా దెబ్బలు తిన్నవాళ్లకు నరేటివ్ ఎక్స్‌పోజర్ థెరపీ అని ఇంకోటుంది, మన ముసలివాళ్లకు బాగా ఒదిగేది ఇదే అని మా అభిప్రాయం. నేల మీద ఒక తాడు పరుస్తారు, ఆ కొస పుట్టిన రోజు, ఈ కొస ఇవాళ. మంచి రోజుల దగ్గర పువ్వులు, చెడ్డ రోజుల దగ్గర రాళ్లు పెడతారు. తర్వాత సిట్టింగ్‌కు ఒక రాయి చొప్పున, గంట నుంచి రెండు గంటలు, వరసగా చెప్పించి రాసి చదివి వినిపిస్తారు. నాలుగు నుంచి పన్నెండు సిట్టింగులు. చదువు అక్కర్లేదు. అయితే ఇది నేర్చుకున్నవాళ్లే చేయాలి, యూట్యూబ్ చూసి ఇంట్లో తాడు పరచొద్దు. వీటిలో ఏదీ జిల్లాలో దొరకకపోతే నెలకు ఒకటి రెండుసార్లు హైదరాబాద్ పోవాల్సి రావచ్చు, లేదా వీడియో కాల్‌లో చేసేవాళ్లను చూసుకోవాలి. ప్రైవేటుగా పోతే ఆ క్లినికల్ సైకాలజిస్ట్‌కు రీహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా రిజిస్ట్రేషన్ నంబర్ ఉందా అని అడగండి. అడిగినందుకు కోపం తెచ్చుకునేవాళ్ల దగ్గర్నుంచి లేచి రావచ్చు.

ఏ చికిత్సకైనా ఒక షరతు ఉంది. ఇంట్లో ఇప్పటికీ దెబ్బలు పడుతుంటే అది పాత గాయం కాదు. అమెరికా మానసిక వైద్యురాలు జుడిత్ హెర్మన్ గాయం మానడానికి చెప్పిన మూడు దశల్లో మొదటిది భద్రత, గుర్తు చేసుకుని దుఃఖపడటం దాని తర్వాతే. అలాంటప్పుడు ముందు 181 (ఆడవాళ్ల సహాయ ఫోన్) లేదా 112 (అత్యవసర ఫోన్), పిల్లలకైతే 1098, హింసకు గురైన ఆడవాళ్లకు సాయం చేసే జిల్లా సఖి కేంద్రం.

వారాంతపు వర్క్‌షాపుల్లో వేలు తీసుకుని కుటుంబ కాన్‌స్టెలేషన్లు (బయటివాళ్లను మీ ఇంటివాళ్ల స్థానంలో నిలబెట్టి చేసేది), పూర్వజన్మ హిప్నాటిజం, డీఎన్ఏ హీలింగ్ చేస్తామనేవాళ్ల దగ్గరికి మాత్రం పోవద్దంటాం. వాటికి గట్టి ఆధారం లేదు, జరగనిది జరిగినట్టు నమ్మించే ప్రమాదం ఉంది. గుడికో దర్గాకో పోయి మనసు కుదుటపరచుకోవడం వేరు. దానికి అడ్డు చెప్పం, మాత్రలు ఆపనంతవరకు. గొలుసులతో కట్టేయడం మాత్రం 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం ప్రకారం నిషేధం.

సిట్టింగ్‌కూ సిట్టింగ్‌కూ మధ్య ఇంట్లో చేయాల్సినవి ఉన్నాయి. వలస పోయేవాళ్లు పిల్లకు చెప్పే పోవాలి. ఏడుస్తుంది, ఏడవనివ్వండి, దొంగచాటుగా పోవడంతో పోలిస్తే ఆ ఏడుపు మంచిది. రెండు రోజుల ముందు నుంచి చెప్తూ, వేసుకుని విడిచిన చీర లేదా అంగీ ఒకటి ఉతక్కుండా పిల్ల దగ్గర వదలండి, వాసన పనిచేస్తుంది. ఫోన్ చేస్తే రోజూ ఒకే వేళకు, ఐదు నిమిషాలైనా చాలు. వారానికోసారి గంట మాట్లాడటం కన్నా చిన్నపిల్లలకు ఇది నయం. 'మాట వినకపోతే మళ్లీ రాను' అని నవ్వులాటకైనా అనొద్దు. తిరిగొచ్చాక మొదటి కొన్నాళ్లు అవ్వ ఒళ్లోంచి లాక్కోకండి. పక్కన కూర్చుని ఆమెతోపాటే తినిపించండి, స్నానం చేయించండి, పిల్లే దగ్గరికి వచ్చేదాకా. కోపంలో కొట్టినవాళ్లు చల్లబడ్డాక పిల్ల కళ్లకు సమంగా కూర్చుని 'నేను కొట్టిన, అది తప్పు, నీది కాదు' అని చెప్పాలి. కొన్న చాక్లెట్ ఆ మాట బదులు పనిచేయదు. తండ్రి ఈ మాట మొదటిసారి చెప్పినప్పుడు పిల్లవాడు నమ్మడు, తప్పించుకుపోతాడు. నాలుగైదు సార్లయ్యాకే చూపు కలుపుతాడు. అక్కడిదాకా ఓపిక పట్టనివాళ్లు 'చెప్పి చూసినం, లాభం లేదు' అని వదిలేస్తారు.

సేవ మారాల్సిన చోట్లు చెప్పాలి. పాత కేసుకు పాత కౌన్సెలరే తిరిగి ఫోన్ చేసే ఏర్పాటు ఉంటే ఈ గాయాలకు ఎంతో మేలు. సైకాలజిస్ట్ రోజులు ఓపీ గోడ మీద తెలుగులో పెద్దగా రాయాలి. సిగ్నల్ అందని నల్లమల చెంచు పెంటలకు (గూడేలకు), సొంత ఫోన్ లేని ఆడవాళ్లకు ఆశా కార్యకర్త ద్వారా కాల్ చేయించే వీలుండాలి. వలస తగ్గే నెలల్లో, జనం ఊళ్లో ఉన్నప్పుడు, మండల కేంద్రాల్లో మానసిక శిబిరాలు పెడితే జిల్లాకు వచ్చే ఖర్చు మిగులుతుంది.

ఆరు నుంచి ఎనిమిది వారాలు వెళ్లాక లెక్క చూసుకోండి. నిద్ర ఎన్ని రాత్రులు పడుతోంది, ఇంట్లో చేయి లేచిన రోజులు తగ్గాయా, పిల్ల బడికి పోతోందా, కల్లు సీసాలు ఎన్ని. రెండోసారి వేరే డాక్టర్ ఉంటే ఆ కుటుంబ కాగితం, పాత చీటీ ఆయన ముందు పెట్టండి, మొదట్నుంచి చెప్పే పని తప్పుతుంది. మందు స్టాకు లేదు, బయట కొనుక్కోండి అంటే 2017 చట్టం 18వ సెక్షన్ గుర్తు చేయవచ్చు. దారిద్ర్యరేఖకు దిగువన ఉన్నవాళ్లకు, కార్డు ఉన్నా లేకపోయినా, సర్కారు దవాఖానలో మానసిక చికిత్స ఉచితం, జాబితాలో ఉన్న ముఖ్యమైన మందులూ ఉచితమే. సూపరింటెండెంట్ పేర తెల్లకాగితం మీద తేదీ, ఓపీ నంబర్, ఏ మందు లేదన్నారో రాసి ఇచ్చి, నకలు మీద ముద్ర వేయించుకోండి.